దుబాయ్ నుంచి వాట్సాప్ కాల్ ఎందుకు కలవదు? రామరాజ్ ప్రయాణంలో దొరికే జవాబు

ఉదయగిరిలోనైనా, ఆత్మకూరులోనైనా, గల్ఫ్‌లో మనిషి ఉన్న ప్రతి ఇంట్లో ఈ మాట వినబడుతుంది. కొడుకు దుబాయ్‌లో ఉంటాడు. వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది, ఫొటో వస్తుంది, మనవడి గొంతు రికార్డు చేసి పంపితే నిమిషంలో చేరుతుంది. కాల్ మాత్రం కలవదు. "నెట్ అయిపోయిందేమో చూడు బేటా" అంటుంది తల్లి. నెట్ అయిపోలేదు, ఫోన్ చెడిపోలేదు, సిగ్నల్ నిండా ఉంది. కాల్ కలవకపోవడానికి కారణం తీగ కాదు, రూలు. ఎమిరేట్స్‌లో ఇంటర్నెట్ మీద మాట్లాడుకునే సేవ ఇవ్వాలంటే అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ అనుమతి ఉండాలి. మెసేజ్‌కి అడ్డు లేదు, మాటకి అడ్డు ఉంది.

మరి ఇలాంటి రూల్స్ ఎవరు రాస్తారు? ఎక్కడ కూర్చుని రాస్తారు? ఆ గదిలోకి మనలాంటి ఊళ్ళ మాట పోతుందా? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే ఒక మనిషి ప్రయాణం చూడటం మంచిది. ఆయన పేరు రాజశేఖర్ రామరాజ్. మన జిల్లా మనిషి కాదు, చెన్నైలో ఉండి పని చేసిన వ్యాపారవేత్త. కానీ హైదరాబాద్ సత్యం కంపెనీ డబ్బుతో మొదలై, ఐక్యరాజ్యసమితి కమిటీ దాకా, ప్రపంచం మొత్తానికి ఇంటర్నెట్ పేర్లు పంచే ఐకాన్ బోర్డు దాకా పోయాడు. నెట్ అమ్మినవాడే తర్వాత నెట్ రూల్స్ రాసే బల్ల దగ్గర కూర్చున్నాడన్నమాట. మన దేశంలో ఈ రెండూ చేసినవాళ్ళు బహు తక్కువ.

ముందు ఆ రోజులు గుర్తు చేసుకుందాం. పాతికేళ్ళ కింద గల్ఫ్‌కి ఫోన్ అంటే బస్టాండ్ దగ్గర ఎస్టీడీ బూత్. అద్దాల గదిలో ఎర్ర అంకెలు పరిగెత్తే మీటర్. నిమిషానికి పదుల రూపాయలు. నా చిన్నప్పుడు ఆత్మకూరులో మా ఇంటివాళ్ళతో అలాంటి బూత్ ముందు కూర్చున్నది ఇప్పటికీ గుర్తుంది. లోపల ఎవరో ఏడుస్తూ మాట్లాడుతుంటే బయట ఉన్నవాళ్ళ కళ్ళు మీటర్ మీదే ఉండేవి. ఇంట్లోవాళ్ళందరి బాగోగులు అడిగేలోపు చేతిలో డబ్బు అయిపోయేది. చెప్పాల్సిన అసలు మాట ఉత్తరంలో రాసేవాళ్ళం.

ఆ ధర ఎందుకు అంత? విదేశాలకు పోయే తీగ మొత్తం ఒకే ఒక్క ప్రభుత్వ కంపెనీ, వీఎస్ఎన్ఎల్ చేతిలో ఉండేది కాబట్టి. ఇంటర్నెట్టూ అంతే. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ మొదలుపెట్టింది. బొమ్మలు కనిపించే కనెక్షన్ కావాలంటే 250 గంటలకు 15,000 రూపాయలు. అప్పట్లో అది చాలా ఇళ్ళకు నెలల జీతం. ఫోన్ బిల్లు మళ్ళీ వేరే.

రామరాజ్ ఈ రంగంలోకి ఒక్కసారిగా ఊడిపడలేదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, కలకత్తా ఐఐఎంలో మేనేజ్‌మెంట్ చేశాడు. 1980లలో, కంప్యూటర్ అంటే ఆఫీసు యంత్రం అనుకునే రోజుల్లో, కంప్యూటర్ పాయింట్ అనే పేరుతో కంప్యూటర్లు అమ్మే వరుస దుకాణాలు పెట్టడంలో ముందు నిలిచాడు. తర్వాత మైక్రోలాండ్‌లో నెట్‌వర్కింగ్ వ్యాపారం చూశాడు. అంటే ఈయనకు వచ్చిన విద్య ఒకటే. జనం ఇంకా చూడని వస్తువుని దుకాణంలో పెట్టి, ధర చీటీ అంటించి, అమ్మడం. ఇంటర్నెట్‌కి కూడా అదే చేశాడు.

1995 చివర్లో సత్యం కంప్యూటర్స్ పిల్ల కంపెనీగా సత్యం ఇన్ఫోవే పుట్టింది. 1998 నవంబర్‌లో కేంద్రం ప్రైవేటు కంపెనీలకు ఇంటర్నెట్ సేవ తెరిచింది. మొదటి ఐదేళ్ళు లైసెన్స్ ఫీజు కూడా లేదు. ఆ నెలలోనే రామరాజ్ నడిపిస్తున్న సత్యం ఇన్ఫోవే దేశంలో మొదటి ప్రైవేటు ఇంటర్నెట్ కంపెనీగా బజార్లోకి దిగింది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. వీఎస్ఎన్ఎల్ దగ్గర కనెక్షన్ కావాలంటే ఫారం పెట్టుకుని ఎదురు చూడాలి. వీళ్ళు గంటల లెక్కన ప్యాక్ చేసి షాపులో అమ్మారు. సబ్బు కొన్నట్టు కొనుక్కుని ఇంటికి పోవచ్చు. ధరలు పడటం అక్కడే మొదలైంది.

1999 అక్టోబర్‌లో అమెరికా నాస్‌డాక్‌లో లిస్టు అయిన మొదటి భారతీయ ఇంటర్నెట్ కంపెనీ ఇదే. ఆ మరుసటి నెలలోనే రాజేశ్ జైన్ నడిపే ఇండియావరల్డ్ వెబ్‌సైట్లను 499 కోట్ల రూపాయలకు కొంటున్నట్టు ప్రకటించారు. సమాచార్, ఖేల్, ఖోజ్, బావర్చీ అనే సైట్లు అవి. క్రికెట్ స్కోరు, వంటలు, వార్తలు. 499 కోట్లు! పేపర్లన్నీ కొన్నాళ్ళు ఇదే రాశాయి. ఒక్క ఏడాది తిరగకముందే డాట్‌కామ్ బుడగ పగిలింది, నాస్‌డాక్‌లో షేరు పాతాళానికి పోయింది. రామరాజ్ గురించి రాసేవాళ్ళు చాలామంది ఈ అధ్యాయాన్ని గర్వంగా చెప్పి, చివరి వాక్యం వదిలేస్తారు. నా దృష్టిలో ఆ కొనుగోలు పొరపాటే. ఆ డబ్బులో సగం చిన్న ఊళ్ళకి తీగ లాగడానికి పెట్టి ఉంటే మనకు పదేళ్ళు కలిసి వచ్చేవి. అయితే ఆ రోజుల్లో అమెరికా మార్కెట్‌లో చిన్న ఊరి తీగకి విలువ కట్టేవాడు లేడు, సైట్లకే కట్టేవాడు. ఆ మాట కూడా చెప్పుకోవాలి.

బుడగ పగిలాక నిలబెట్టింది ఐవే కేఫ్‌లు. వరుసగా కంప్యూటర్లు. వేల సంఖ్యలో పెరిగాయి. 2002 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఇంటర్నెట్ మీద ఫోన్ మాట్లాడుకోవడానికి ఒప్పుకుంది. అంతకుముందు అది చట్టవిరుద్ధం, ఈ మాట గుర్తుంచుకోండి. ఒప్పుకున్న తర్వాత కేఫ్‌లో కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకుని విదేశాలకు మాట్లాడే రోజు వచ్చింది. బూత్‌లో పదుల రూపాయలు అయ్యేది ఇక్కడ కొద్ది రూపాయల్లో తేలిపోయేది. మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది, ఒక మాట అన్నాక జవాబు రావడానికి ఆగాల్సి వచ్చేది. అయినా జనం క్యూ కట్టారు. గల్ఫ్‌లో భర్త ఉన్న ఆడవాళ్ళు బుర్ఖా మీద హెడ్‌సెట్ సర్దుకుని మాట్లాడటం నెల్లూరు కేఫ్‌లలో కనబడేది.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. మన ప్రభుత్వం కంప్యూటర్ నుంచి విదేశీ ఫోన్‌కి ఒప్పుకుంది గానీ, కంప్యూటర్ నుంచి మన దేశంలోని ఫోన్‌కి ఒప్పుకోలేదు. ఆత్మకూరు నుంచి అమెరికాకి నెట్ మీద మాట్లాడొచ్చు, ఆత్మకూరు నుంచి ఉదయగిరి ఫోన్‌కి మాట్లాడకూడదు. టెక్నాలజీ రెండిటికీ ఒకటే. ఫోన్ కంపెనీల ఆదాయం కాపాడటానికి గీసిన గీత అది. ఇవ్వాళ ఎమిరేట్స్ గీసిన గీతకి, ఆనాడు మనం గీసిన గీతకి కారణంలో పెద్ద తేడా కనబడదు.

రామరాజ్ లాంటివాడికి అప్పుడే అర్థమై ఉండాలి, ఈ వ్యాపారంలో గెలుపు ఓటములు తీగ దగ్గర తేలవు, గీత గీసే చోట తేలతాయని. ఆయన మనసులో ఏముందో మనకి తెలియదు గానీ, ఆ తర్వాత ఆయన వేసిన అడుగులు అటువైపే పడ్డాయి.

2003లో జెనీవాలో, 2005లో ట్యూనిస్‌లో ఐక్యరాజ్యసమితి ఇంటర్నెట్ మీద ప్రపంచ శిఖరాగ్ర సభలు పెట్టింది. అప్పటికి పెద్ద పంచాయితీ ఇదీ: ప్రపంచంలో వెబ్‌సైట్ పేర్ల మూల జాబితా అమెరికా ప్రభుత్వ ఒప్పందం కింద ఐకాన్ అనే సంస్థ నడుపుతోంది. కాలిఫోర్నియాలో రిజిస్టరైన సంస్థ. సౌదీ పేరు చివర ఏ అక్షరాలుండాలి, భారత్ పేరు చివర ఏముండాలి అనేదానికి చివరి సంతకం వాషింగ్టన్‌లో ఎందుకు పడాలి? ఇదీ ప్రశ్న. మీకు అబ్బురంగా అనిపించొచ్చు గానీ అప్పట్లో నిజంగా అంతే.

జెనీవాలో తెగక, ఐక్యరాజ్యసమితి 40 మందితో ఒక కమిటీ వేసింది. మన దేశానికే చెందిన నితిన్ దేశాయ్ దానికి అధ్యక్షుడు. ఆ 40 మందిలో రామరాజ్ ఒకడు. సౌదీ నుంచి, ఈజిప్టు నుంచి, పాకిస్తాన్ నుంచి, చైనా నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి మనుషులున్నారు. ప్రభుత్వ అధికారులు, వ్యాపారులు, స్వచ్ఛంద సంస్థలవాళ్ళు ఒకే బల్ల చుట్టూ. 2005 వేసవిలో రిపోర్టు ఇచ్చారు. ఇంటర్నెట్ పాలన అంటే ప్రభుత్వాల పని ఒక్కటే కాదు, కంపెనీలు, పౌర సంఘాలు కూడా తమ తమ పాత్రలో కలిసి రూల్స్ తయారు చేసి నడిపించాలని తేల్చారు. అమెరికా చేతిలోంచి పగ్గాలు ఎవరికివ్వాలనే దానిమీద మాత్రం ఒక్క మాట మీదికి రాలేక, నాలుగు రకాల దారులు రాసి పెట్టారు. అదే సంవత్సరం ట్యూనిస్‌లో ఆ నాలుగూ పక్కకి పోయి, ఏటా అందరూ కలిసి మాట్లాడుకునే సభ ఒకటి పెట్టుకుందాం అని తీర్మానించారు. నిర్ణయాలు చేసే అధికారం దానికి లేదు, మాట్లాడుకోవడమే.

ఇది పలాయనం అన్నవాళ్ళున్నారు. వాళ్ళది పూర్తిగా తప్పని నేననను. పంచాయితీలో పెద్దమనుషులు తీర్పు చెప్పలేక "ప్రతి శుక్రవారం కూర్చుని మాట్లాడుకుందాం" అన్నట్టుంది. కాకపోతే ఆ సభల్లో కుర్చీ దొరకడానికి ప్రభుత్వం తరఫున పోవక్కర్లేదు. ఈ ఒక్క తేడా ముందు ముందు అక్కరకొచ్చింది.

ఈలోగా కంపెనీలో మార్పులు. సత్యం ఇన్ఫోవే పేరు సిఫీ అయింది. 2005లో సత్యం తన వాటా అమ్ముకుంది. కొన్నది రాజు వేగేశ్న, అమెరికాలో సర్వర్‌వర్క్స్ అనే చిప్ కంపెనీ పెట్టి బ్రాడ్‌కామ్‌కి అమ్మిన తెలుగువాడు. రామరాజ్ తప్పుకున్నాడు. సత్యం ఆ వాటా అమ్ముకున్న మూడేళ్ళకి, 2009 జనవరి 7న, రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకుంటూ ఉత్తరం రాశాడు. సిఫీకి ఆ మసి అంటలేదు. ఐవే కేఫ్‌లు మాత్రం స్మార్ట్‌ఫోన్ వచ్చాక కరిగిపోయాయి. సిఫీ ఇప్పుడు డేటా సెంటర్లు, కంపెనీల నెట్‌వర్కుల వ్యాపారంలో ఉంది. కేఫ్‌లో కూర్చున్న మనం దానికి గుర్తుండే అవకాశం లేదు.

2006 చివర్లో రామరాజ్ ఐకాన్ బోర్డులో చేరాడు. ఆయన బోర్డులో ఉన్న కాలంలో జరిగిన ఒక నిర్ణయం మన ఇళ్ళకి నేరుగా తగులుతుంది. 2009 అక్టోబర్ 30న సియోల్ సభలో, దేశాల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోనే కాదు, ఎవరి లిపిలో వాళ్ళు రాసుకోవచ్చని బోర్డు ఒప్పుకుంది. ఒక్క రామరాజ్ వల్ల జరిగింది కాదది, పదేళ్ళ పోరాటం. అరబ్బులు, చైనావాళ్ళు, కొరియావాళ్ళు, మనవాళ్ళు అందరూ అడిగినదే.

2010 మేలో మొట్టమొదట తెరుచుకున్న మూడు పేర్లు ఏవో తెలుసా? ఈజిప్టు, సౌదీ, ఎమిరేట్స్. మూడూ అరబ్బీ లిపిలో. ఇంటర్నెట్ మూల జాబితాలోకి ఇంగ్లీషు కాని దేశం పేరు ఎక్కిన మొదటి రోజున ఎక్కింది కుడి నుంచి ఎడమకి రాసే అక్షరాలు. మరుసటి ఏడాది మన వంతు. డాట్ భారత్ అనే పేరు ఏడు లిపుల్లో ఆమోదం పొందింది. అందులో తెలుగు ఉంది, ఉర్దూ ఉంది. మన ఇంట్లో మాట్లాడే రెండు భాషలూ ఒకేసారి లోపలికి పోయాయి. దేవనాగరిలో 2014 ఆగస్టులో మొదలై, మిగతా లిపులు తర్వాత తెరుచుకున్నాయి.

పేరు దొరకడం ఒక ఎత్తు, పేరు పని చేయడం ఇంకో ఎత్తు. ఇది మన ఇళ్ళల్లో అందరికీ అనుభవమైన విషయమే. ఇంటి పేరు షేక్. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, పాస్‌పోర్టులో ఒకటి, గల్ఫ్ వీసాలో అరబ్బీ నుంచి తిరిగొచ్చిన మూడోది. మనిషి ఒక్కడే, కంప్యూటర్ లెక్కలో ముగ్గురు. ఆ ముగ్గురూ ఒకడేనని రుజువు చేయడానికి మీసేవ చుట్టూ, నోటరీ చుట్టూ ఎన్ని రోజులు తిరిగామో.

వెబ్‌సైట్ పేర్లలోనూ ఇదే చిక్కు. అరబ్బీ కీబోర్డులో "కాఫ్" కొడితే కంప్యూటర్‌కి ఒక నెంబరు పోతుంది, ఉర్దూ కీబోర్డులో కొడితే వేరే నెంబరు. పదం మొదట్లో, మధ్యలో కంటికి ఒకేలా కనబడతాయి. "యే" సంగతీ అంతే. దుబాయ్‌లో అరబ్బీ కీబోర్డున్న ఫోన్‌తో కొట్టిన పేరూ, ఉదయగిరిలో ఉర్దూ కీబోర్డుతో కొట్టిన పేరూ చూడటానికి ఒకటే, నిజానికి రెండు. మసీదు కమిటీ పేరుతో ఒక సైటు ఉందనుకోండి. అదే పేరు ఇంకో కాఫ్‌తో ఎవడో మోసగాడు తీసుకుంటే? రంజాన్‌లో చందా ఎవరి ఖాతాకి పోతుంది? తెలుగుకీ ఇలాంటిదే ఉంది. తెలుగు, కన్నడ అక్షరాలు కొన్ని కవల పిల్లల్లా ఉంటాయి.

ఈ కవలల్ని పట్టుకోవడానికి ఐకాన్ కింద బృందాలు పని చేశాయి. తెలుగుతో కలిపి తొమ్మిది భారతీయ లిపులకు ఒక బృందం, అందులో తెలుగు రూల్స్ 2019కి తయారయ్యాయి. తెలుగు, కన్నడ కవల అక్షరాల్లో ఒక పేరు ఒకరు తీసుకుంటే రెండోది ఇంకొకరికి పోకుండా కట్టడి పెట్టారు. ఉర్దూ మాత్రం ఆ బృందంలో లేదు, అరబ్బీ లిపి వాడే భాషలన్నిటి బృందంలో ఉంది. చూశారా, మన రెండు భాషల భవిష్యత్తు రెండు వేరు వేరు గదుల్లో తేలింది. ఆ కట్టడి కూడా మూల జాబితాలోని పేర్లకి, అంటే చుక్క తర్వాత వచ్చే చివరి ముక్కకి. దాని ముందుండే మన సంస్థ పేరుకి రూల్స్ డాట్ భారత్ నడిపేవాళ్ళు, అంటే మన దేశపు నిక్సీ, చూసుకోవాలి.

ఇక వాడకం. తెలుగులోనో ఉర్దూలోనో ఈమెయిల్ అడ్రసు తీసుకుని ఏ ఫారంలోనైనా నింపి చూడండి. చాలా చోట్ల "సరైన అడ్రసు ఇవ్వండి" అని ఎర్ర అక్షరాలతో తిప్పి కొడుతుంది. ఆ ఫారం రాసిన కుర్రాడు అడ్రసంటే ఇంగ్లీషు అక్షరాలే అనుకుని రాశాడు, అంతే. సియోల్‌లో బోర్డు ఒప్పుకున్నది ఆ కుర్రాడి దాకా ఇంకా రాలేదు.

ఉదయగిరి కొయ్య చెంచాల సంగతే తీసుకోండి. నర్ది, దేవదారి, బిక్కి, కల్ది కొయ్యతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే ఆడవాళ్ళలో మన ఇళ్ళవాళ్ళు ఎక్కువ. ఈ పనికి భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే వేరే చోట చేసినదాన్ని ఉదయగిరి చెంచా అని అమ్మకూడదు. కానీ ఆ గుర్తింపు దానంతటదే వెబ్‌సైట్ పేరుని కాపాడదు. ఇంటర్నెట్‌లో పేరు ముందు అడిగినవాడిది. ఇంగ్లీషులోనైనా, తెలుగులోనైనా, ఉర్దూలోనైనా ఉదయగిరి పేరుతో ముందు ఎవరు డబ్బు కడితే వాళ్ళది, తర్వాత కావాలంటే గొడవపడి తెచ్చుకోవాలి. ఏడాదికి కొన్ని వందల రూపాయలతో పోయే పని ఇది. చెంచాలు చేసే సంఘాలు దుకాణం అద్దె గురించి ఆలోచించినట్టే ఈ పేరు గురించి కూడా ఆలోచించాలి.

మన వైపు నుంచి ఈ రంగంలో పెద్ద కుర్చీలో కూర్చున్నవాడు లేడా అంటే, ఉన్నాడు. ఆత్మకూరు ఎమ్మెల్యే మేకపాటి గౌతమ్ రెడ్డి 2019 నుంచి రాష్ట్ర ఐటీ, పరిశ్రమల మంత్రి. దుబాయ్ ఎక్స్‌పో నుంచి తిరిగొచ్చిన వెంటనే, 2022 ఫిబ్రవరి 21న, హఠాత్తుగా పోయాడు. ఉదయగిరిలో వాళ్ళ ఇంజనీరింగ్ కాలేజీ ఆవరణలోనే అంత్యక్రియలు జరిగాయి. ఆయన పార్టీ నచ్చినవాళ్ళూ నచ్చనివాళ్ళూ ఆ రోజు బాధపడ్డారు. కానీ ఇక్కడొక తేడా అర్థం చేసుకోవాలి. రాష్ట్ర ఐటీ మంత్రి చేతిలో ఉండేది కంపెనీలు తేవడం, భూములివ్వడం, ఫైబర్ వేయడం. 2017 డిసెంబర్‌లో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోన్ ఇస్తానని వచ్చింది అలాగే. పేర్ల రూల్స్ మాత్రం రాష్ట్రం చేతిలో లేవు. ఐకాన్‌లో ప్రభుత్వాల కమిటీలో మనకున్నది ఢిల్లీ ఐటీ శాఖ ఒక్కటే.

అలాగే నెట్ ఆపేయడం అనేది ఇంకో గది. ఇక్కడ మన దేశం ఎమిరేట్స్‌కి పాఠం చెప్పే స్థితిలో లేదు. 2019 ఆగస్టు నుంచి కశ్మీర్‌లో నెలల తరబడి నెట్ లేదు. 2020 జనవరి 10న సుప్రీంకోర్టు అనురాధా భసీన్ కేసులో, గడువు లేకుండా నెట్ ఆపడం కుదరదు, ఆపే ఆదేశాలను బయటపెట్టాలి అని చెప్పింది. ఆ ఆదేశం ఇచ్చేది ఐకాన్ కాదు, రాష్ట్రంలోనైతే హోం కార్యదర్శి. మన ఊళ్ళో ఎప్పుడైనా నెట్ ఆగితే ఆదేశం కాపీ అడిగే హక్కు మనకుంది. ఎవరి తలుపు తట్టాలో తెలియకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.

మరి ఆ పెద్ద సభలు మనకి దూరమా? దూరం కాదు, రెండుసార్లు హైదరాబాద్‌కే వచ్చాయి. 2008 డిసెంబర్ 3 నుంచి 6 వరకు, ముంబై దాడులు జరిగిన వారానికే, ట్యూనిస్‌లో పుట్టిన ఆ మాట్లాడుకునే సభ హైదరాబాద్‌లో జరిగింది. భయపడి కొందరు రాలేదు, అయినా వెయ్యి మందికి పైగా వచ్చారు. "అందరికీ ఇంటర్నెట్" అనేది దాని నినాదం. మళ్ళీ 2016 నవంబర్ 3 నుంచి 9 వరకు ఐకాన్ సభ. అసలు అది ప్యూర్టోరికోలో జరగాల్సింది, జికా వైరస్ వల్ల ఇక్కడికి మారింది. అంతకు నెల ముందే, అక్టోబర్ 1న, మూల జాబితా మీద అమెరికా ప్రభుత్వ ఒప్పందం ముగిసింది. రామరాజ్ కూర్చున్న 40 మంది కమిటీ 2005లో తెగ్గొట్టలేకపోయిన ముడి పదకొండేళ్ళకి విడిపోయింది. ఆ తర్వాత జరిగిన మొదటి సభ హైదరాబాద్‌ది. మూడు వేల మందికి పైగా వచ్చారు. సభ ముగిసే ముందు రాత్రే నోట్ల రద్దు ప్రకటన వచ్చింది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు చేతిలో చెల్లని నోట్లతో టాక్సీలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంటర్నెట్ భవిష్యత్తు తేల్చే పెద్దమనుషులు ఆ రోజు ఏటీఎం ముందు మనతో సమానమయ్యారు.

ఆ రెండు సభలకూ పోవడానికి టికెట్ లేదు, పేరు నమోదు చేసుకుంటే చాలు. ఉదయగిరి నుంచి, ఆత్మకూరు నుంచి ఎందరు పోయారంటే, నేను అడిగినవాళ్ళలో ఒక్కరూ లేరు. అలాంటి సభ జరిగిందనే తెలియదన్నారు. తప్పు వాళ్ళది కాదు. మన పేపర్లు ఆ వారం నోట్ల గురించి రాశాయి, మేమూ అంతే. ఇంకొకటి, ఆ గదుల భాష ఇంగ్లీషు. ఎవరైనా రావచ్చంటారు గానీ అక్షరాల గురించి తేల్చే గదిలో ఆ అక్షరాలు రాసేవాళ్ళు తక్కువ. రామరాజ్ లాంటి వ్యాపారులు, అధికారులు, ప్రొఫెసర్లు మన తరఫున మాట్లాడారు. మంచిగానే మాట్లాడారు. అయినా రెండు కీబోర్డుల మధ్య కాఫ్ ఎలా మారుతుందో రోజూ చూసేది మొబైల్ షాపులో పనిచేసే మన కుర్రాడు. ఆ కుర్రాడి మాట ఆ గదిలో ఎవరూ వినలేదు.

దారి మాత్రం ఉంది. ఐకాన్ ప్రతి సభకూ ఫెలోషిప్ ఇస్తుంది, ప్రయాణం, బస ఖర్చు వాళ్ళదే. కాలేజీ పిల్లలకు వేరే పథకం ఉంది. కొత్త రూలు పెట్టేముందు జనం అభిప్రాయం అడుగుతారు, ఎవరైనా రాయొచ్చు. సభలను ఇంట్లో కూర్చుని నెట్‌లో చూడొచ్చు, ప్రశ్న అడగొచ్చు. ఇంజనీరింగ్ చదివి, ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, బళ్ళో తెలుగు రాసిన పిల్లలు మన దగ్గర ఎందరో. రెండు లిపులూ చేతికి వచ్చినవాళ్ళు ఆ బృందాలకు ఎంత అవసరమో వాళ్ళకే తెలియదు. నింపాల్సిన ఫారం ఇంగ్లీషులోనే ఉంటుంది, దానికి భయపడొద్దు.

రామరాజ్ ఆ తర్వాత పేదల కోసం పనిచేసే కంపెనీల్లో పెట్టుబడి పెట్టే ఎలివార్ ఈక్విటీకి సలహాదారుగా చేశాడు. ఆయన గురించి తెలుగులో రాసినది చాలా తక్కువ. సత్యం కథ రాసేవాళ్ళు రాజు గారి దగ్గరే ఆగిపోతారు.

ఇక దుబాయ్ కాల్ సంగతి. దానికి ఐకాన్ దగ్గరా, ఢిల్లీ దగ్గరా జవాబు లేదు, అది ఎమిరేట్స్ నియంత్రణ సంస్థ చేతిలో ఉంది. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్ రెండు ఫోన్లలోనూ వేసుకుంటే మాట కలుస్తుంది. స్నేహితులు వీపీఎన్ వేసుకోమంటారు, తొందరపడొద్దు. అక్కడి చట్టం ప్రకారం నేరం చేయడానికో, దాన్ని దాచడానికో వీపీఎన్ వాడితే జరిమానా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల వరకు ఉంది. వాట్సాప్ కాల్ దాని కిందికి వస్తుందా రాదా అని వాదించుకునే చోటు పరాయి దేశపు కోర్టు. ఇంట్లో అమ్మకి బోటిమ్ ఎలా తెరవాలో ఈ ఆదివారమే ఒకసారి నేర్పించండి.